మన భాష వంతు వచ్చేసరికి

నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తండి టీచర్, మాట్లాడొద్దు, అని పళ్ళ డాక్టరమ్మ ముందే చెప్పింది. మాట్లాడదామన్నా ఎలా? నోట్లో ఆకుపచ్చ రబ్బరు గుడ్డ, దాన్ని పంటికి పట్టి ఉంచే క్లిప్పు, పెదవి చివర వేలాడుతూ గురగురమని ఉమ్మి లాగే గొట్టం. ఇంజెక్షను ఇచ్చాక కింది దవడ ఎడమ సగం తనది కాకుండా పోయింది. కుర్చీని వెనక్కి వాల్చేశారు, కాళ్ళు తలకంటే ఎత్తులో ఉన్నాయి, కళ్ళలోకి దీపం. తలుపు పక్కన కొక్కేనికి తగిలించిన చేతిసంచిలో ఫోను బుర్రుమంది, ఆగింది, మళ్ళీ బుర్రుమంది. బహుమతి ఎవరికో ఈరోజే చెబుతారని అందరికీ తెలుసు, మధ్యాహ్నమే అని కొందరూ సాయంత్రం దాకా రాదని కొందరూ. అందుకే కదా ఆమె పొద్దున్న లేవగానే చెంప పట్టుకుని కూర్చుంది, ఇంక నావల్ల కాదు, ఇవాళే చూపించుకోవాలి అని. నొప్పి అబద్ధమేం కాదు, చాన్నాళ్ళుగా ఉన్నదే. కానీ ఇన్నాళ్ళు ఓర్చుకున్నది ఇంకొక్క పూట ఓర్చుకోలేదా? ఇంట్లో ఆయన ఆ మాట అడగలేదు. పేపరు మీంచి తల ఎత్తకుండా, సరే వెళ్ళిరా, అన్నాడు. ఆ సరేలో ఎంత హాయి ఉందో ఆమెకి వినిపించింది. ఒకే గదిలో ఎదురూబొదురూ కూర్చుని, ఎవరి ఫోను మోగుతుందా అని చెవులు రిక్కించుకుని, అబ్బే నేనేం ఎదురుచూడటం లేదు అన్నట్టు మొహాలు పెట్టుకోవడం కన్నా, ఇద్దరిలో ఒకరు పన్ను తవ్వించుకోవడానికి పోవడమే నయం.

దేశంలో ఉన్న అన్ని భాషలకీ ఇచ్చే బహుమతి అది, భాషకొక్కటి చొప్పున ఏడాదికొక్క పుస్తకానికి. తమ భాషలో ఈసారి వడపోతలన్నీ అయ్యాక మిగిలినవి గుప్పెడు పుస్తకాలు. అందులో ఒకటి ఆయన నవల, ఒకటి తన నవల. ఆ జాబితా పేపర్లో పడ్డ పొద్దున ఆయన దాన్ని చదివి, ఆ పేజీ లోపలికి పోయేలా మడిచి, బల్ల మీద పెట్టాడు. చూశావా, అన్నాడు. చూశాను, అంది. అంతే. అప్పట్నుంచీ మంచినీళ్ళ మోటారు గురించి మాట్లాడుకున్నారు, పైవాటా వాళ్ళ కుక్క గురించి మాట్లాడుకున్నారు, కూతురు కొత్తగా కొన్న మంచం తలుపులోంచి పడుతుందా లేదా అని ఒక పూటంతా వాదించుకున్నారు. ఇది మాత్రం ఎత్తలేదు. ఎత్తితే ఏమని ఎత్తాలి? మీకు రావాలి అంటే అబద్ధం. నాకు రావాలి అంటే... ఆ మాట ఎలా పలుకుతారో ఆమెకి తెలీదు, దవడ సరిగ్గా ఉన్నప్పుడు కూడా.

"ఇంకొంచెం తెరవండి టీచర్. ఆఁ, అలా."

కూడా. ఆ ముక్కతోనే గడిచిపోయింది జీవితమంతా. ఆయన రచయిత, ఆమె కూడా రాస్తుంది. సభల్లో వేదిక మీద ఆయన, ముందువరసలో ఈమె. ఎవరో ఒకరు మైకు సర్దుకుని, వారి శ్రీమతిగారు కూడా రాస్తారండోయ్, అనేవారు, అదేదో ఇంట్లో చిలక మాట్లాడుతుందన్నట్టు. జనం చప్పట్లు కొట్టేవారు. ఆమె సగం లేచి, నవ్వి, కూర్చునేది. ఆయన తప్పేమీ లేదు అందులో. ఆయన ఎప్పుడూ రాయొద్దనలేదు. ఆ మాటకొస్తే మొదటి కథ అచ్చయినప్పుడు ఆయనే పత్రిక కొనుక్కొచ్చాడు, ఒకటి కాదు, చేతికి దొరికినన్ని. కానీ తలుపేసుకుని రాసుకునే గది ఆయనది. ఆ గది బయట పిల్ల ఏడవకుండా చూసుకోవడం, వచ్చినవాళ్ళని పనిలో ఉన్నారండీ అని కూర్చోబెట్టడం, సాయంత్రం ఆయన కాగితాలతో బయటికొచ్చి చదువుతుంటే విని బాగుంది అనడం, ఇవి తనవి. తను ఎక్కడ రాసింది? బళ్ళో పిల్లలకి లెక్కల పరీక్ష పెట్టి, పేపర్లు దిద్దుతున్నట్టు తల వంచుకుని స్టాఫ్ రూములో. కూతుర్ని ఈత నేర్చుకోవడానికి దింపి, ఆ తడి గట్టు మీద, క్లోరిన్ వాసనలో, మోకాళ్ళ మీద కాగితాలు పెట్టుకుని. ఇప్పటికీ ఆ నవల పేజీలు తిప్పితే ఆమెకి ఆ వాసన కొడుతుంది, కానీ ఇది ఎవరికీ చెప్పలేదు.

నవల అక్క గురించి. అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేది, చెవులకి హెడ్‌ఫోను, ఎదురుగా వందల బొక్కలున్న బోర్డు, ఒక ఊరి గొంతు తీసి ఇంకో ఊరి గొంతులో గుచ్చడం. ఎవరెవరివో చావు కబుర్లు, పెళ్ళి కబుర్లు, మూగగా పట్టుకున్న ఫోన్లు. ఇంటికొచ్చి ఒక్క ముక్క చెప్పేది కాదు. ఏమే అక్కా, ఇవాళేం విన్నావు అని అడిగితే, వినడం నా పని, చెప్పడం కాదు, అనేది. తర్వాత ఆ బోర్డులు తీసేశారు, అక్కని ఇంకో సీట్లో కూర్చోబెట్టారు. అక్కడ ఎవరి గొంతూ వినపడక అక్క మెల్లగా మనుషుల్లోంచి జారిపోయింది. అక్క పోయాకే రాసిందామె. రాస్తున్నానని చెప్పినప్పుడు ఆయన నిజంగానే ఆశ్చర్యపోయి, "మీ అక్కయ్య ఉద్యోగం మీద నవలా? అందులో ఏముంటుంది, హలో హలో అనడం తప్ప?" అన్నాడు. వెక్కిరింత కాదు. అడిగాడంతే. అదే మరీ గుచ్చుకుంది.

డాక్టరమ్మ సన్నటి సూదిలాంటిది ఏదో పంటి లోపలికి దించి తిప్పుతోంది. నొప్పి లేదు, లోపల ఎవరో గోడ గీరుతున్న చప్పుడు మాత్రం పుర్రెలో వినిపిస్తోంది. ఈ డాక్టరమ్మకి ఎనిమిదో తరగతిలో తనే లెక్కలు చెప్పింది. భిన్నాలంటే భోరున ఏడ్చేది. ఇప్పుడు చూడు, ఎంత నిబ్బరంగా కూర్చుందో పంటి మీద. ఫోను మళ్ళీ. కూతురే అయ్యుంటుంది. లేకపోతే పబ్లిషరా? పబ్లిషరు గుర్తొచ్చేసరికి ఆమె చేతివేళ్ళు కుర్చీ అంచుని పట్టుకున్నాయి. పోయిన వారం, ఆయన సాయంత్రం నడకకి వెళ్ళిన సమయం చూసుకుని మరీ వచ్చాడు. ఇద్దరి పుస్తకాలూ వేసింది ఈ పబ్లిషరే. సోఫా అంచున కూర్చుని, టోపీ మోకాలి మీద బోర్లించి, "పన్ను నొప్పి ఎలా ఉందమ్మా, తగ్గిందా?" అని మొదలుపెట్టాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఒక్క మాట చెబుతాను, ఏమీ అనుకోకూడదు. మీరిద్దరూ బరిలో ఉంటే ఓట్లు చీలతాయి. మధ్యలో ఎవడో తన్నుకుపోతాడు. ఆయనకి డెబ్బై దాటాయి. మీరు చిన్నవారు, మీకు మళ్ళీ వస్తుంది. బహుమతి కమిటీకి ఒక్క ఫోను చేసి, నా పుస్తకాన్ని పరిశీలించొద్దు అని చెబితే చాలు. ఆయనకి తెలియనక్కర్లేదు."

చూస్తానండీ, అంది ఆమె. గుమ్మం దాకా వెళ్ళి సాగనంపింది కూడా. తలుపేసుకున్నాకే తట్టింది. పన్ను నొప్పని ఈయనకెలా తెలుసు? ఆ నొప్పి సంగతి ఆమె కూతురికి కూడా చెప్పలేదు. ఇంట్లో ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. అప్పట్నుంచీ అదే తొలుస్తోంది, పన్ను కన్నా లోతుగా. ఆయనే పంపాడా? పంపితే పంపాడు, ఎదురుగా అడగొచ్చుగా, మానుకో అని? అడిగితే మానుకునేదేమో. అదీ భయమే, నిజంగా మానుకునేదేమోనని. మామూలుగా మాటల్లో వచ్చి ఉండొచ్చు, ఆవిడకి పన్ను బాగాలేదండీ పాపం అని. మగవాళ్ళు మగవాళ్ళతో భార్యల పళ్ళ గురించి మాట్లాడుకుంటారా? ఏమో. ఆమె ఫోను చెయ్యలేదు. చెయ్యనూ లేదు, చెయ్యనని చెప్పనూ లేదు. ఆ పబ్లిషరు ఆమె చేసేసిందనుకునే ఉంటాడు, ఎందుకంటే అడిగినవన్నీ చేసే మనిషని ఆమెకి పేరు.

బయట, పేషంట్లు కూర్చునే గదిలో, టీవీలో వార్తలు. ఇంతసేపూ ఎక్కడో వాన, ఎక్కడో వంతెన అని వినిపిస్తున్నది ఉన్నట్టుండి మారింది. ఈ ఏడాది సాహిత్య పురస్కారాలు, అంది వార్తలు చదివే అమ్మాయి. తలుపు వారగా తీసుంది. ఒక్కో భాష పేరు, పుస్తకం పేరు, రాసినవాళ్ళ పేరు. అక్షరక్రమంలో చదువుతారు, తమ భాష ఎప్పుడూ ఆఖరిదానికి ముందు. వినీ వినని పేర్లు. నోరు తిరగక చదివే అమ్మాయి తడబడుతోంది. ఒక కవి. ఒక కథకురాలు. ఒక నాటకాలాయన. వీళ్ళందరూ ఈ క్షణంలో ఎక్కడున్నారో? ఒకావిడ బట్టలు ఆరేస్తూ ఉంటుంది, ఒకాయన ఆస్పత్రి మంచం మీద ఉంటాడు, ఇంకొకాయన గదిలో గొళ్ళెం పెట్టుకుని ఏడుస్తూ ఉంటాడు. తను అక్షరం ముక్క చదవలేని భాషలు. వాళ్ళు తమ భాష చదవలేరు. ఇన్ని భాషల్లో ఇంతమంది ఏళ్ళకేళ్ళు కూర్చుని రాసుకుంటూనే ఉన్నారన్నమాట, ఒకళ్ళకొకళ్ళు తెలీకుండా, పక్క పక్క గదుల్లో తలుపులేసుకున్నట్టు. ఒక్క క్షణం ఆమెకి వాళ్ళందరి మీదా చెప్పలేనంత ఇష్టం కలిగింది. మరుక్షణం, త్వరగా చదువవే తల్లీ, అనుకుంది. ఇంకో భాష. ఇంకోటి. ఇప్పుడు తమకి ముందున్న భాష. అయిపోయింది. ఇక...

డ్రిల్లు మోగింది. జుయ్యిమని పుర్రె నిండా మోగింది. ఎడమ చెయ్యి ఎత్తాలని ఆమెకి గుర్తొచ్చేలోపే ఆగింది కూడా. టీవీలో అమ్మాయి తర్వాతి భాష పేరు చదువుతోంది.

"అయిపోయింది టీచర్, ఇంక డ్రిల్లు లేదు," అంది డాక్టరమ్మ, వరమిచ్చినట్టు.

తలుపు తోసుకుని కౌంటరు దగ్గరి అమ్మాయి తల లోపలికి పెట్టింది. "టీచర్‌గారూ, మీ ఇంట్లో సార్‌కే వచ్చిందండీ! ఇప్పుడే చెప్పారు, మీ ఇంటిపేరు విన్నాను నేను. మేడమ్, ఈవిడ భర్తగారు పెద్ద రచయిత, తెలుసా మీకు?"

ఆమె ఎడమ చెయ్యి లేచింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలీదు. "నొప్పి ఉందా? ఇంకో ఇంజెక్షను ఇస్తానుండండి," అని డాక్టరమ్మ కంగారుగా సిరంజి అందుకుంది, ఆమె కాదనలేదు. పొడిచినా తెలియలేదు. హమ్మయ్య, అనుకుంది ముందు. నిజంగానే హమ్మయ్య. ఇంక ఇంట్లో గాలి ఆడుతుంది, ఆయన మళ్ళీ కూనిరాగాలు తీస్తాడు, వచ్చేపోయేవాళ్ళని తను కూర్చోబెడుతుంది, ఆ పనులన్నీ తనకి కళ్ళు మూసుకుని వచ్చు. ఒకవేళ తనకే వచ్చి ఉంటే? ఆయన మొహం ఎలా ఉండేదో ఈ నెలంతా రాత్రీ పగలూ ఊహించి ఊహించి భయపడింది, ఆ భయం తీరిపోయింది. మంచిదే. చాలా మంచిదే. మరి కంటి చివర్నుంచి చెవిలోకి ఆ తడేమిటి? అక్క గుర్తొచ్చింది. హెడ్‌ఫోను తీసేశాక చెవుల మీద మిగిలే ఎర్రటి గీత గుర్తొచ్చింది. నీ గురించి రాశానే, అందరూ వింటారనుకున్నానే, అనుకుంది. ఆ వెనకే వచ్చింది కోపం, అలాంటిలాంటిది కాదు, కుర్చీ చేతులు విరిగేంత. నాది బాగుంది. ఆయనదానికన్నా నాది బాగుంది. ఈ మాట ఇప్పటివరకూ మనసులో కూడా అనుకోలేదామె. అనుకున్నాక వెనక్కి తీసుకోవడానికి వెతికితే ఎక్కడా కొస దొరకలేదు. నాదే బాగుంది. ఆయన నాచేత ఫోను చేయించాలని చూశాడు, నేను చెయ్యలేదు, అయినా ఆయనకే వచ్చింది, అయినా నాదే బాగుంది. డాక్టరమ్మ దూది తీసి ఆమె కళ్ళు తుడిచింది. "అయిపోవచ్చింది టీచర్, మీరు చాలా ఓర్చుకున్నారు," అంది. ఔను తల్లీ, ఓర్చుకున్నాను.

ఆ తడి ఆరకముందే బయట తలుపు గంట మోగింది, ఆయన గొంతు. ఎలా ఉంది ఆవిడకి, అయిందా, అని అడుగుతున్నాడు, ఎగశ్వాసగా, మెట్లు గబగబా ఎక్కినట్టు. అంతలోనే కౌంటరు అమ్మాయి, "సార్, కంగ్రాట్స్ సార్! టీవీలో చెప్పారు!" అంది. కుర్చీలు జరిగిన చప్పుడు. ఎవరో పెద్దాయన, మీ పుస్తకాలు మా నాన్నగారు చదివేవారండీ, అంటున్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు, పళ్ళనొప్పితో వచ్చినవాళ్ళు, పాపం. తర్వాత ఆయన గొంతు, ఆమెకి బాగా తెలిసిన వేదిక మీది గొంతు, కానీ కొంచెం వణుకుతూ: "థాంక్సండీ. థాంక్సమ్మా. చాలా థాంక్స్."

పంటికి తాత్కాలికంగా సిమెంటు పెట్టి, కుర్చీ లేపి, నోరు పుక్కిలించమని గ్లాసు ఇచ్చారు. నీళ్ళు సగం గడ్డం మీంచి కారిపోయాయి. అద్దంలో ఒకవైపే ఉన్న మొహం. ఆమె చీర సర్దుకుంది, సంచి భుజానికి తగిలించుకుంది, ఫోను తియ్యలేదు. ఎందుకింక? నడుస్తూనే నిర్ణయించుకుంది, బాగా చెయ్యాలి ఈ పని, నలుగురి ముందూ బాగా చెయ్యాలి, ఇన్నేళ్ళు చేసినట్టే. తలుపు తీసుకుని బయటికి వచ్చింది. ఆయన గది మధ్యలో నిలబడి ఉన్నాడు, చుట్టూ అయిదారుగురు. ఆమెని చూడగానే ఆయన మొహంలో రంగు పోయింది. ఆమె తిన్నగా వెళ్ళి చెయ్యి చాచింది. "అబినంనలు," అంది వంకర నోటితో. ఎవరో నవ్వారు, ప్రేమగానే.

ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని వదలలేదు. "నాక్కాదు," అన్నాడు. "నీకు."

"అదేంటి సార్, నేను విన్నానుగా?" అంది కౌంటరు అమ్మాయి.

"ఇంటిపేరు విన్నావమ్మా. అసలు పేరు వినలేదు. ఈవిడది. ఇందాకే మా అమ్మాయి ఫోను చేసి చెప్పింది. ఈవిడ ఎత్తడం లేదని నేనే వచ్చాను."

గదిలో ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. ఒకసారి కొట్టిన చప్పట్లు మళ్ళీ కొట్టొచ్చా? పెద్దాయన ముందు మొదలుపెట్టాడు, తక్కినవాళ్ళు అందుకున్నారు. ఆమె అలవాటు చొప్పున సగం కూర్చోబోయింది, వెనక కుర్చీ లేదు. ఏమీ అనిపించడం లేదేమిటి? ఇదేనా? ఒంట్లో ఎక్కడో ఒక పెద్ద గంట మోగుతుందనుకుంది. గంట మోగలేదు. బిల్లు కట్టాలి, మాత్రలు కొనాలి, ఆయన చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు, ఇవే కనిపిస్తున్నాయి. మెట్లు దిగి వీధిలోకొచ్చాక మొహానికి గాలి తగిలింది. అప్పుడు తెలిసింది. అక్కా, అనుకుంది. ఆగి, గోడ పట్టుకుని, ఇంకోసారి అనుకుంది.

ఆయన పక్కనే ఆగాడు. ఏదో ఒకటి అనాలన్నట్టు చూస్తున్నాడు. ఆమే అడిగింది, ఒక్కో మాటా నాలికతో నెట్టి నెట్టి: "మరి థాంక్స్ ఎందుకు చెప్పారు?"

"కాదని చెప్పడానికే నోరు తెరిచాను. ఆ పెద్దాయన చెయ్యి పట్టుకున్నాడు. ఏమో. ఒక్క నిమిషం ఎలా ఉంటుందో చూద్దామనిపించింది."

"ఎలా ఉంది?"

"బాగుంది," అన్నాడు.

ఇద్దరూ నడిచారు. మందుల షాపు దాటిపోయారు, మళ్ళీ వెనక్కి వచ్చి మాత్రలు కొన్నారు. చిల్లర తీసుకుంటూ ఆమె, ఆయన వైపు చూడకుండా, "ఆ పబ్లిషర్ని మీరే పంపారా?" అంది. ఈ ప్రశ్నకి అవునంటే ఏమనాలో ఆమె దగ్గర ఉంది, వారం రోజులుగా పదును పెట్టి ఉంచింది. కాదంటే ఏమనాలో కూడా ఉంది.

"పంపలేదు," అన్నాడాయన. "వెళతానన్నాడు. వద్దనలేదు."

దీనికి ఏమనాలో ఆమె దగ్గర లేదు. బస్టాపు బల్ల మీద కూర్చుంది. ఆయన పక్కన కూర్చున్నాడు, మధ్యలో సంచి. సంచిలో ఫోను మోగుతూనే ఉంది. కోపం ఉంది, అలాగే ఉంది, ఇవాళ్టితో పోయేది కాదు. ఆ విషయం ఆయనకీ తెలుసన్నట్టే కూర్చున్నాడు, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గుండీలు తప్పి పెట్టుకున్న ముసలాయన, తన మొగుడు. జాలిపడదామా అంటే జాలి రాలేదు. లేచి వెళ్ళిపోదామా అంటే ఇద్దరిదీ ఒకే బస్సు.

"నిజం చెప్పు," అన్నాడు కాసేపటికి. "నా నవల ఎలా ఉంది?"

బాగుంది అన్న మాట నాలిక చివరికి వచ్చింది, ఎన్నేళ్ళ అలవాటో. కానీ నాలిక కదల్లేదు. "సగం దాకా బాగుంది," అంది.

"సగం దాకానా?" ఆయన పూర్తిగా ఇటు తిరిగాడు. "ఏ సగం? ఎక్కడ చెడింది?"

"మీ హీరోకి పెళ్ళయిన దగ్గర్నుంచి. ఆ అమ్మాయి ఉంది చూడండి, అతని భార్య. వాళ్ళ నాన్నగారు వచ్చినప్పుడు, కాఫీ తెస్తానని లోపలికి వెళ్ళింది."

"ఔను. వెళ్ళింది."

"మళ్ళీ రాలేదు. పుస్తకం అయిపోయింది, ఆ కాఫీ రాలేదు."

ఆయన పెదవులు కదులుతున్నాయి. ఒక్కో అధ్యాయమూ లోపల తిరగేస్తున్నాడు, తాత చనిపోయిన అధ్యాయం, ఇల్లు అమ్మిన అధ్యాయం, గుమ్మాలన్నీ వెతుకుతున్నాడు. బస్సు వచ్చి ఆగింది. కండక్టరు వీళ్ళవైపు చూశాడు, విసుక్కున్నాడు, బస్సు వెళ్ళిపోయింది.

"రాలేదా?" అన్నాడు. "నిజంగా ఎక్కడా రాలేదా?"

"రాలేదు."

"మరి నువ్వు అప్పుడే ఎందుకు చెప్పలేదు?" ఆయన గొంతు లేచింది. బస్టాపులో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు.

"మీరు బాగుందా అని అడిగారు."

ఆయన మొహం ఎర్రబడింది, కోపమో సిగ్గో ఆమెకి తెలియలేదు, తెలుసుకోవాలని తొందరా లేదు. తర్వాత ఆయన మధ్యలో ఉన్న సంచి తీసి అటు పెట్టి, ఇటు జరిగి, తగాదాకి దిగుతున్నవాడిలా చొక్కా చేతులు పైకి మడిచాడు.

"సరే, చెప్పు," అన్నాడు. "ఇంకా ఏం బాగాలేదు?"

ఆమె గడ్డం మీద కారిన తడి తుడుచుకుంది. తాత అధ్యాయంతో మొదలుపెట్టింది.